గులాబో ఇషారాలు

జుహర్ నమాజు ముగించి, ఎడమ భుజం వైపు సలాం తిప్పేసరికి గులాబో వెల్లకిలా పడి కనిపించింది.

జానమాజ్ మడవలేదు. మోకాళ్ళ మీద అలాగే జరిగి గాజు డబ్బా దగ్గరికి పోయాను. ఎనిమిది కాళ్ళూ పైకే. పొట్ట పైకే. కదలిక లేదు. నా నోట్లోంచి "ఇన్నా లిల్లాహి" అని దానంతటదే వచ్చేసింది. ఒక మకడీ కోసం నువ్వు ఆ మాట అంటావని మూడు నెలల ముందు ఎవరైనా చెప్పుంటే లాహౌల్ చదివి పక్కకి తప్పుకునేదాన్ని.

గులాబో అంటే మా నవాసా మున్నా పెంచుకుంటున్న టరంటులా. అరచేయంత సాలెపురుగు. ఒళ్ళంతా బూరు, వీపు మీద ఎండిన గులాబీ రేకు రంగు మెరుపు. దీని వాళ్ళది చిలీ దేశమట. ఇంగ్లీషులో కూడా గులాబీ పేరే ఉంది దీనికి. మున్నా "రోజీ" అని పిలుస్తాడు. నాకు నోరు తిరగక కాదు గానీ, మా ఇంట్లో తిరిగే జీవికి మా జబాన్‌లో ఒక పేరు ఉండాలని గులాబో అన్నాను. ఇప్పుడు ఇల్లంతా అదే అంటారు.

బిడ్డ కాపురం టెక్సస్‌లో, డల్లాస్ పక్కన. మున్నాకి పన్నెండేళ్ళు. పిల్లిని పెంచుకుంటానని ఏడ్చాడట గానీ, వాడికి పిల్లి బొచ్చు పడదు, ఆయాసం వస్తుంది. కుక్క మాట మేము ఇంట్లో ఎత్తం. చివరికి మా దామాద్ మెత్తబడి దీన్ని తెచ్చాడు. మొరగదు, అరవదు, వారానికో పది రోజులకో ఒక పురుగు తింటుంది, చాలు. నాకిచ్చిన గది వాడి గదే. అంటే నేనూ గులాబో ఒకే గదిలో పడుకోవాలి. మొదటి రాత్రి నేను హాల్లో సోఫా మీద తస్బీ తిప్పుతూ కూర్చున్నాను. రెండో రాత్రి నడుము పట్టేసి లోపలికి పోయాను.

సాలీడంటే నాకు భయమే గానీ పగ లేదు. చిన్నప్పుడు గుత్తిలో మా అమ్మీ బూజు దులిపేది, సాలీడుని మాత్రం చంపనిచ్చేది కాదు. గారె సౌర్ కిస్సా చెప్పేది. హిజ్రత్ సమయంలో గుహ ముందు గూడు అల్లిన జీవి, దాని మీద చెప్పు ఎత్తొద్దనేది. చీపురు మీదికి ఎక్కించుకుని గోడ అవతల వదిలిపెట్టేది. ఖురాన్‌లో 29వ సూరా పేరే అన్‌కబూత్ కదా. సరే, చంపకపోవడం వేరు, మంచం పక్కన పెట్టుకుని నిద్రపోవడం వేరు.

ఆగస్టులో దామాద్ తరఫు వాళ్ళ షాదీ కోసం అందరూ నాలుగు రోజులు షికాగో పోయారు. నాకు మోకాళ్ళు సహకరించవు, రానన్నాను. పోయే ముందు మున్నా నాకు మూడు మాటలు చెప్పాడు. నీళ్ళ గిన్నె ఎండిపోకూడదు. మూత తీయకూడదు, గిన్నె నింపడానికి తప్ప. తిండి వేయకూడదు. తిండెందుకు వద్దురా, పాపం, అన్నాను. "నానీ, రెండు నెలల నుంచి తినట్లేదు. గులాబో రోజా ఉంది" అని నవ్వాడు. వాడు నవ్వడమే తక్కువ. అంతకు ముందు ఏడాది బడి మారాడు. అప్పట్నుంచి మాటలు తగ్గాయి అని నా బిడ్డ ఫోన్లో చెప్తూ ఉండేది. ఆ ఒక్క మకడీ విషయంలో మాత్రం నాతో మాట్లాడేవాడు. అందుకే నేను సోఫా వదిలి గదిలోకి పోయాను, నిజం చెప్పాలంటే. నడుము నొప్పి ఒక బహానా.

ఇప్పుడు ఆ పిల్లాడు నా చేతిలో పెట్టిపోయిన అమానత్ వెల్లకిలా పడుంది.

నేను చేసిన పని దాచను. వంటింట్లోంచి కర్ర గరిటె తెచ్చాను. మూత తీసి, గరిటె కాడతో దాని కుడి వైపు మూడో కాలుని తాకాను. ఆ కాలు చిన్నగా వణికింది. నేను గట్టిగా కేకవేసి చెయ్యి లాక్కున్నాను. లాక్కునేటప్పుడు కాడ ఆ కాలికి గీసుకుపోయింది. పూర్తిగా చావలేదు, చస్తూ ఉంది అనుకున్నాను. గుండె దడదడ.

బిడ్డకి ఫోన్ చేశాను. మెహందీ హడావుడిలో ఉంది. వెనక డఫ్లీ మోత. "అమ్మీ, కాగితంలో చుట్టి బయట చెత్తలో పడేయ్. వాడికి చెప్పకు. ఇక్కడ ఖుషీగా ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దార్లో అలాంటిదే ఇంకోటి కొనేస్తాం, వాడికి తెలియదు" అంది. తల్లి కదా, తన బాధ తనది. నాకూ ఒక నిమిషం అదే సరైన తరీఖా అనిపించింది. చెత్తలో వద్దులే అని, నా పాత మల్‌మల్ దుపట్టా అంచు ఒక జానెడు కత్తిరించాను కూడా. పెరట్లో గులాబీ మొక్క కింద పూడుద్దామని. మకడీకి కఫన్ కత్తిరించిన నానీని నేనే అయ్యుంటాను దునియాలో.

గుడ్డ చేతిలో పట్టుకున్నాక ఆగిపోయాను. అమానత్ పోగొట్టడం ఒక తప్పు. పోగొట్టి దాని జాగాలో ఇంకోటి పెట్టడం ఇంకో తప్పు. వాడు కనిపెట్టకుండా ఉంటాడా? నా బిడ్డకి అన్ని సాలీళ్ళూ ఒకటే. వాడికి కాదు. మళ్ళీ ఫోన్ చేసి, మున్నాకివ్వు అన్నాను.

కెమెరా అటు తిప్పగానే వాడు అరిచాడు. "నానీ, హాత్ నక్కో లగావో!" ఆ అరుపు షాదీ ఖానా మొత్తం వినుంటుంది. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "కాళ్ళు పైకి విచ్చుకుని ఉన్నాయా, లోపలికి ముడుచుకుని ఉన్నాయా?" విచ్చుకునే ఉన్నాయి అన్నాను. "కింద తెల్లగా బట్టలా ఏమైనా పరిచి ఉందా?" చూస్తే నిజమే, దాని కింద పల్చటి తెల్ల చాదర్. సాలెగూడు నూలే, కానీ చాపలా పరిచింది. నేను గమనించనేలేదు. "అయితే చచ్చిపోవట్లేదు నానీ. కుబుసం విడుస్తోంది. లైట్ ఆర్పెయ్. ఇంకేం చెయ్యొద్దు. చూస్తూ కూర్చో, అంతే."

పాము కుబుసం విడుస్తుందని తెలుసు. సాలీడు కూడా విడుస్తుందని, అదీ మంచం మీద పడుకున్నట్టు వీపు మీద పడుకుని విడుస్తుందని అరవై ఏడేళ్ళు వచ్చాక తెలిసింది.

పరదాలు వేసి కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. అసర్‌కి లేచి వచ్చేసరికి తల ఉన్న భాగం మీది పెంకు, డబ్బా మూతలాగా అంచుల వెంట చిట్లింది. పొట్ట పక్కలు చీలాయి. లోపల ఇంకో మకడీ ఉంది, పాలిపోయి, తడిగా, కొత్తగా. అప్పుడు మొదలైంది అసలు మెహనత్. బిగుతు చూడీదార్ తడి కాళ్ళకి అంటుకుపోతే ఎలా లాగుతామో, అలా ఎనిమిది కాళ్ళనీ పాత తొడుగుల్లోంచి లాగుతోంది. ఒక లాగు, కొంత ఆగడం. ఒక లాగు, కొంత ఆగడం. కాళ్ళే కాదు, ముందున్న రెండు చిన్న చేతులూ, కోరలూ, అన్నీ పాతవి వదిలేసి కొత్తవి తీస్తుంది. కడుపు లోపలి పొర, ఊపిరి తీసే చోటి పొర కూడా పాత తొడుగుతోనే వచ్చేస్తాయని తర్వాత మున్నా చెప్పాడు. అంత పనిలో ఉన్నప్పుడు దాని ఒళ్ళు ఉడకబెట్టిన సేమియా అంత మెత్తన. అందుకే తిండి వేయొద్దన్నాడు. డబ్బాలో బతికున్న కీచురాయి ఒకటి తిరుగుతూ ఉంటే అదే దీన్ని కొరికేస్తుంది. ఎవరైనా జాలిపడి బోర్లా తిప్పినా అంతే సంగతులు.

నేను తిప్పబోయింది అదే కదా.

మగ్రిబ్ అయ్యేసరికి ఏడు కాళ్ళు బయట పడ్డాయి. కుడి మూడోది రాలేదు. ఇషా వరకూ లాగుతూనే ఉంది. నేను ఏం చేయగలను, దువా తప్ప. చివరికి వచ్చింది. వచ్చింది గానీ మోకాలి కింద చిన్న వంకర. మిగతా ఏడూ తిన్నగా, అది ఒక్కటీ కొడవలిలా. నా గరిటె గీసిన కాలు.

అర్ధరాత్రి దాటాక గులాబో తనంతట తాను బోర్లా తిరిగింది. పక్కన దాని పాత ఒళ్ళు ఖాళీగా పడుంది, అచ్చం ఇంకో సాలీడు లాగా. చూస్తే రెండున్నాయి అనుకుంటారు. ఫొటో తీసి పంపాను. కోరలు పాల పళ్ళలా తెల్లగా ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ ఎర్రబడి, తర్వాత నల్లబడి గట్టిపడ్డాయి. నల్లబడేదాకా దానికి తిండి పెట్టలేదు.

వాళ్ళు వచ్చిన రాత్రే మున్నాకి చెప్పాను, గరిటె సంగతి. నా బిడ్డ కళ్ళతోనే వద్దని ఇషారా చేసింది. అయినా చెప్పాను. వాడు ఏమీ అనలేదు. దస్తర్ఖాన్ మీద తలొంచుకుని తిని లేచిపోయాడు. మరుసటి రోజంతా నాతో మాట్లాడలేదు. పెద్దవాళ్ళు కోపపడితే భరించొచ్చు, పిల్లల ఖామోషీ భరించడం కష్టం. రెండో రోజు సాయంత్రం పాత కుబుసాన్ని నీళ్ళలో నానబెట్టి, కాళ్ళు సర్ది, ఒక అట్ట మీద ఆరబెట్టి నా మంచం మీద పెట్టాడు. "వచ్చే కుబుసంలో కాలు సరిపోతుంది నానీ. ఊడిపోయిన కాలైనా మళ్ళీ వస్తుంది" అన్నాడు. వచ్చే కుబుసం ఎప్పుడురా అంటే, పెద్దది కదా, ఏడాదో, రెండేళ్ళో, ఇంకా ఎక్కువో అన్నాడు. ఆడ గులాబోలు ఇరవై ఏళ్ళు దాటి కూడా బతుకుతాయట. మగవాటికి పాపం అంత ఆయుష్షు లేదు. నేను మనసులో లెక్క వేసుకుని, లెక్క ఆపేశాను.

ఆ రోజు నుంచి వాడు ఉస్తాద్, నేను షాగిర్ద్. రాత్రి ఇషా తర్వాత అరగంట డబ్బా ముందు కూర్చోవడం. నాకు అర్థమైనంతలో చెప్తాను. ఇంట్లో ఎవరి పిల్లాడైనా ఇలాంటిది తెస్తానని ప్రాణం తీస్తూ ఉంటే పనికొస్తుంది.

మొదట నేర్చుకున్నది, మనిషి ఒంటిని చదివినట్టు దాని ఒంటిని చదవకూడదని. ఒకరోజు నీళ్ళు పోస్తుంటే గులాబో ముందు కాళ్ళు రెండూ పైకెత్తి, ఒళ్ళు వెనక్కి వంచి నిలబడింది. "మాషాల్లా, దువాకి చేతులెత్తింది చూడరా" అన్నాను. మున్నా నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. అది దువా కాదు, దమ్కీ. కోరలు కనపడేలా అలా లేచిందంటే, ఇంకో అంగుళం ముందుకు వస్తే కరుస్తానని చెప్పడం. చెప్పి కరిచేవాళ్ళు నయం, చెప్పకుండా కరిచే రిష్తేదార్లు నాకు తెలుసు.

వెనక కాళ్ళతో పొట్ట మీద గబగబా రుద్దుకుంటే దురద అనుకోవద్దు. పొట్ట మీది సన్నటి నూగుని మన మీదికి విసురుతోందన్నమాట. ఆ నూగుకి ముళ్ళుంటాయి. డబ్బా శుభ్రం చేసేటప్పుడు నా మోచేతికి తగిలి రెండు రోజులు దద్దుర్లు. కళ్ళలో పడితే ఆసుపత్రే. అలా రుద్ది రుద్ది పొట్ట వెనక బట్టతల పడుతుంది. కుబుసానికి ముందు ఆ బట్టతల నల్లబడుతుంది, తిండి మానేస్తుంది, బద్ధకంగా ఓ మూల ఉంటుంది. మున్నా "రోజా" అన్నది అదే. అది చూసే వాడికి ముందే అనుమానం వచ్చింది, షికాగోలో ఉండగానే జరుగుతుందని మాత్రం అనుకోలేదు.

డబ్బాలో కొబ్బరి పీచు పొడి పరుస్తారు. ఇటుకల్లా నొక్కి అమ్ముతారు దాన్ని, నీళ్ళు పోస్తే ఉబ్బుతుంది. ఒకసారి కొత్త పొడి తడి ఆరకుండానే వేశాను. గులాబో కాళ్ళ చివర్లు మాత్రం ఆనించి, ఒళ్ళంతా పైకి లేపి, వాన నీళ్ళలో చీర కుచ్చిళ్ళు ఎత్తుకుని నడిచే ఆడమనిషిలా నిలబడింది. తర్వాత గాజు గోడ ఎక్కి కూర్చుంది. ఎండు నేల జీవి, చెమ్మ పడదు. నఖ్రా అనుకున్నాను, కాదు, ఇల్లు బాలేదని చెప్పడం. గోడ ఎక్కితే ఇంకో భయం, పడిందంటే పొట్ట పగులుతుంది. రెండు రోజులు పొడి ఆరబెట్టి మళ్ళీ వేశాం.

నాకు బాగా నచ్చింది మాత్రం తిండి తర్వాతి నాట్యం. కీచురాయిని పట్టుకున్నాక దాన్ని నోట్లోనే పెట్టుకుని, ఉన్న చోటే గుండ్రంగా తిరుగుతూ, పొట్ట చివరతో నేలని తాకుతూ, నూలు పరుస్తుంది. ముందు దస్తర్ఖాన్ వేసి, తర్వాత భోజనం. మా ఇంట్లో మనుషులే టీవీ ముందు పళ్ళెం పట్టుకుని తింటున్నారు.

ఇక ముడుచుకోవడం. ఇది రెండు రకాలు, ఇక్కడ పొరబడకూడదు. కాళ్ళన్నీ వీపు మీదికి లాక్కుని, మోకాళ్ళ వెనక ముఖం దాచుకున్నట్టు కూర్చుంటే అది భయం. పెద్ద శబ్దమో, డబ్బా కదిలిందో. కాసేపు వదిలేస్తే అదే సర్దుకుంటుంది. కాళ్ళు ఒంటి కిందికి, పిడికిలి బిగించినట్టు ముడుచుకుంటే మాత్రం అది పోతున్న జీవి. వెల్లకిలా పడింది బతుకుతోంది. చక్కగా బోర్లానే, ఒద్దికగా కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చుంది పోతోంది. మన కళ్ళకి సరిగ్గా తలకిందులు.

ఎందుకలా అని అడిగితే మున్నా చెప్పినదానికి నాకు మా అబ్బాజాన్ గుర్తొచ్చారు. మన కాలు ముడవడానికి ఒక కండ, చాపడానికి ఒక కండ ఉంటాయి. సాలీడు కాళ్ళలో పెద్ద కీళ్ళని ముడిచే కండలే ఉన్నాయి, చాపేవి లేవు. ఒంట్లో ఉన్న ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి తోసి చాపుతుంది. ఒంట్లో నీరు తగ్గితే, ఒత్తిడి పడిపోతే, కాళ్ళు వాటంతటవే లోపలికి ముడుచుకుపోతాయి. అబ్బాజాన్ గుత్తి రైల్వేలో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్. "ఇంజన్ ఎంత పెద్దదైనా ప్రెషర్ లేకపోతే పాత ఇనుము" అనేవారు. గులాబో లోపల ఒక చిన్న ఇంజన్ నడుస్తోందన్నమాట.

గుత్తి పేరు ఎత్తగానే మున్నా ఆగి నా వైపు చూశాడు. "నానీ, మీది గుత్తి అంటే... గూటీ?" అవునన్నాను. ఇంగ్లీషులో అలాగే రాస్తారు. వాడు కళ్ళు పెద్దవి చేసి ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. మెరిసే నీలం సాలీడు, కాళ్ళ మీద పసుపు మచ్చలు, నగల పెట్టెలోంచి తీసినట్టు. దాని పేరు గూటీ శాఫైర్. గుత్తి నీలం. సాలీళ్ళు పెంచేవాళ్ళలో అమెరికాలో, యూరప్‌లో ఈ పేరు తెలియనివాళ్ళు లేరట. ఇన్నేళ్ళు గుత్తిలో ఉండి నాకు తెలియదు. మాకు గుత్తి అంటే కోట, జంక్షన్, ఎండ.

1899లో గుత్తి రైల్వే కలప యార్డులో ఒక్కటంటే ఒక్క సాలీడు దొరికితే, పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడట. తర్వాత వందేళ్ళు మళ్ళీ జాడ లేదు. 2001లో దొరికింది, గుత్తిలో కాదు, సుమారు వంద కిలోమీటర్ల అవతల నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. అంటే అది మా ఊరిది కానే కాదు. కలపతో పాటు రైలెక్కి వచ్చిన మెహమాన్. చెట్టు తొర్రల్లో ఉండే జాతి. ఆ నీలం కూడా రంగు కాదు, వెంట్రుకల అమరిక మీద వెలుగు పడే తీరు. అడవి కొట్టేస్తున్నారు, పట్టుకుపోయి అమ్ముతున్నారు. 2008లో అంతరించిపోయే ప్రమాదం అందరికన్నా ఎక్కువున్న జీవుల జాబితాలో పెట్టారు, 2019లో ఆ జాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు. బయటి దేశాల్లో డబ్బాల్లో పుట్టి పెరిగినవి మాత్రం బోలెడు.

మున్నా ఒకటి కొనమని అడిగాడు. "నీ ఊరిది నానీ." దానికి విసిరే నూగు లేదు, దమ్కీ ఇచ్చే సబర్ తక్కువ, మెరుపులా పరుగెత్తుతుంది, కాటు గులాబో కాటులా తేలికైనది కాదు అని వాడే చెప్పాడు. వాడి నోటితోనే జవాబు వచ్చేసింది కాబట్టి నేను కాదనే పని లేకపోయింది.

అక్టోబరులో గుత్తికి వచ్చేశాను. రోజూ ఫజర్ తర్వాత, అక్కడ వాళ్ళకి ముందు రోజు సాయంత్రం, వీడియో కాల్. మున్నా మాటలు కొంచెం పెరిగాయి. డబ్బా వెనక కనిపిస్తూ ఉండేది, నేను సలాం చెప్పేదాన్ని.

జనవరిలో ఒక పొద్దున వాడు బడిలో సైన్స్ ప్రదర్శన గురించి చెప్తున్నాడు. వారం రోజులుగా అదే ధ్యాస. వెనక గులాబో కనిపించింది. బోర్లానే ఉంది. కదలకుండా, బుద్ధిగా, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని. మామూలుగా అది ఒక కాలు అటు, ఒక కాలు ఇటు, కాలనీలో అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంటుంది. వంకర కాలు ఎప్పుడూ కొంచెం బయటికి కనిపిస్తుంది. ఆ రోజు కనిపించలేదు.

మా అమ్మీ ఆఖరి వేసవిలో గోడకి ఆనుకుని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కూర్చునేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఎంత సుకూన్‌గా ఉందో చూడు అని వచ్చినవాళ్ళు అనేవాళ్ళు, మేమూ అనుకున్నాం. నీళ్ళు తాగడం మానేసిందని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియలేదు. దాహం అని అడగడం కూడా మర్చిపోయే వయసు అది.

"మున్నా, గిన్నెలో నీళ్ళున్నాయా?"

వాడు వెనక్కి తిరిగాడు. గిన్నె అడుగు తెల్లగా ఎండిపోయి ఉంది. చలికాలం, ఇంట్లో రాత్రింబవళ్ళు హీటర్. వాడి ముఖం చూడలేకపోయాను. "నానీ, నేనే మర్చిపోయా. నేనే." గరిటె పట్టుకుని నిలబడ్డ నా ముఖం కూడా అలాగే ఉండుంటుంది. "తర్వాత ఏడుద్దువు గానీ, ముందు అబ్బాని పిలువు" అన్నాను.

దామాద్ వచ్చాడు. చదునైన మూత ఒకటి తెచ్చి కొంచెం నీళ్ళు పోశారు. గులాబోని మెల్లగా జరిపి, నోరు ఉన్న ముందు భాగం మాత్రం నీళ్ళకి ఆనేలా పెట్టారు. పొట్ట నీళ్ళలో పడకూడదు, ఊపిరి చీలికలు పొట్ట కిందే ఉంటాయి. మున్నా చేతులు వణుకుతున్నా అది మాత్రం తప్పు చేయలేదు. దానికి ఏమీ తెలిసినట్టు లేదు. పిడికిలి పిడికిలిలాగే ఉంది. ఒక్కోసారి లేస్తాయి, ఒక్కోసారి లేవవు అన్నాడు దామాద్, ఉర్దూలో, మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు. ఇక చేసేది లేదు. లైట్ ఆర్పేశారు. వాళ్ళకి రాత్రి మొదలైంది, నాకు పగలు.

ఆ పగలు ఎలా గడిచిందో. పాల పాకెట్లకి పోయి పెరుగు పాకెట్లు తెచ్చాను. జుహర్‌లో ఎన్ని రకాతులు అయ్యాయో తెలియక మళ్ళీ మొదలుపెట్టాను. పక్కింటి ఖాలా "ఏంటమ్మా పరేషాన్‌గా ఉన్నావు, అమెరికాలో అందరూ ఖైరియతేనా" అని అడిగింది. ఏం చెప్పను? ఖైరియతే అన్నాను.

అసర్‌కీ మగ్రిబ్‌కీ మధ్య ఫోన్ మోగింది. కాల్ కాదు, ఫొటో. మాట ఒక్కటీ రాయలేదు. కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాను, నెత్తి మీదే ఉంది.

నీళ్ళ మూత అంచు మీద ఒక కాలు చాపి ఉంది. మోకాలి కింద కొడవలిలా వంకర. వేలితో తెర మీద తాకుతూ మిగతావి లెక్కపెట్టాను. వెనకవి రెండు ఇంకా సగం ముడుచుకునే ఉన్నాయి, కానీ బయటే ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఎనిమిది.

తర్వాత ఫొటోని పెద్దది చేసి, పక్కనున్న అసలు గిన్నెలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూశాను.